దంతపు కుర్చీ నుండి వాలు కుర్చీ వరకు

"కుర్చీ" అను మాట అరబ్బీ భాష నుండి మనకు వచ్చినది. పీట, చాప, మంచము మన యిండ్లలో అనాదిగా నున్నవి గాని, వీపునకు ఆనుడు గల ఎత్తైన ఆసనము మాత్రము చాలకాలము సింహాసనముగానో గద్దెగానో పెద్దలకే చెల్లినది. "ఆయనకు కుర్చీ దక్కినది" అన్నచో పదవి దక్కినదని నేటికిని అర్థము చేసికొందుము. ఒక వస్తువు అధికారమునకు గుర్తైనప్పుడు దాని రూపమును నిర్ణయించునది హోదాయే. కూర్చుండువాని వెన్నెముక సంగతి ఎవరికిని పట్టదు. హోదా కొరకు పుట్టిన కుర్చీ శరీరము కొరకు మారుటకు సుమారు రెండు వందల యేండ్లు పట్టినది. ఆ కథలో మొదటి అధ్యాయము విశాఖపట్టణములోనే వ్రాయబడినదనవచ్చును.

విశాఖ పనివారి కుర్చీలు

ఈస్టిండియా కంపెనీవారు 17వ శతాబ్ది చివరి భాగమున విశాఖపట్టణమున వర్తకస్థానము నెలకొల్పిరి. వారికి కావలసిన బల్లలు, కుర్చీలు, పెట్టెలు ఇంగ్లండు నుండి ఓడలలో తెచ్చుకొనుటకంటె ఇచ్చటనే చేయించుకొనుట సులువయ్యెను. ఆంగ్లేయుల నమూనాలను చూచి స్థానిక పనివారు విలువైన కలపతో వాటిని మలచి, ఏనుగు దంతమును పొదిగి, దంతముపై సన్నని గీతలు చెక్కి, ఆ గీతలలో నల్లని లక్క నింపెడివారు. 1756లో ఈ పట్టణమును చూచిన మేజరు జాన్ కార్నీల్ అను సైనికోద్యోగి ఇచ్చటి పొదుగుడు పని పేరెన్నికగన్నదని వ్రాసెను. 1773 నుండి 1775 వరకు చెన్నపట్టణమునకు గవర్నరుగా నుండిన అలెగ్జాండరు వించి యొద్ద ఇట్టి దంతపు సామాను ఉండెడిది. దానిని 1781లో మూడవ జార్జి రాజు తన రాణి షార్లెట్టు కొరకు కొనెను. ఆ కుర్చీలు నేటికిని బ్రిటిషు రాజకుటుంబపు సేకరణలో భద్రముగా నున్నవి.

పనితనమున వాటికి సాటి లేదు. వాటి పేము అల్లికలో ఒక మంచి గుణము కూడ కలదు. అల్లిక బరువునకు కొంచెము క్రుంగి, మరల లేచును. క్రింది నుండి గాలి ఆడనిచ్చును. ఉక్కపోత గల సముద్రతీరమున ఇది చిన్న మేలు కాదు. కాని ఆ కుర్చీల వీపుపలక ఏమాత్రమును కదలదు. దానియందు కూర్చుండువాడు నిటారుగా కూర్చుండి నలుగురికిని కనబడవలెను. అదియే దాని ప్రయోజనము.

వాలుట విశ్రాంతికే అని తలచిన కాలము

వెనుకకు వాలు ఆసనము మన ఊళ్ళకు కొత్త కాదు. వసారాలో పడక కుర్చీ నెరుగని వారుండరు. కఱ్ఱ చట్రమునకు గట్టి గుడ్డ తగిలించి, వెనుక ఊతకఱ్ఱను గాట్లలో నిలిపిన చాలును. గాటు మార్చినచో వాలు మారును. ఇంగ్లండులో విలియం మారిస్ సంస్థ 1866 ప్రాంతమున తయారుచేసిన కుర్చీలో వీపుపలకకు కీలు అమర్చి, దాని వెనుక ఒక కడ్డీని గాట్లలో మార్చుకొను ఏర్పాటు చేసిరి. రెండింటి సూత్రమును ఒకటే. కాని వాలు మార్చవలసినప్పుడెల్ల మనిషి లేచి కడ్డీని మార్చవలెను. ఒకసారి అమర్చిన పిమ్మట అదియును కదలని కుర్చీయే.

కూర్చున్నవానితోబాటు తానును కదలు కుర్చీ అమెరికాలో పుట్టినది. థామస్ వారెన్ 1849లో రూపొందించిన కుర్చీలో ఆసనము క్రింద ఉక్కు స్ప్రింగులుండెను. అది గుండ్రముగా తిరుగును, ఎటు వంగిన అటు ఒరుగును, చక్రములపై దొర్లును. 1851లో లండనులో జరిగిన మహాప్రదర్శనలో దానిని ప్రజలు చూచిరి. పిమ్మట ఇట్టి కుర్చీలు కార్యాలయములలో ప్రవేశించెను. అయితే తిరుగుడు, వాలుడు గల కుర్చీ అధికారికి. చేతులైనను లేని కఱ్ఱ కుర్చీ గుమాస్తాకు అనునది చాలచోట్ల ఆచారమయ్యెను. వెనుకకు వాలుట పని మానుటకు గుర్తని తలచిరి. ఆ స్వేచ్ఛ పైవారికే చెల్లుననుకొనిరి.

వెన్నెముక చెప్పిన సాక్ష్యము

ఈ తలంపును శాస్త్రము 20వ శతాబ్ది నడుమ పరీక్షకు పెట్టెను. స్వీడనులో బెంగ్ట్ ఆకర్‌బ్లోమ్ 1948లో నిలుచుండు, కూర్చుండు భంగిమలపై ఒక పరిశోధన గ్రంథము ప్రకటించెను. అమెరికాలో జె. జె. కీగన్ 1953లో ఎక్స్-కిరణ చిత్రముల ద్వారా ఒక సంగతి చూపెను. నిలుచున్నప్పుడు నడుము భాగపు వెన్నెముక ముందుకు సహజమైన వంపు కలిగియుండును. తొడలను లంబకోణమున మడచి కూర్చున్నప్పుడు కటి ఎముక వెనుకకు తిరిగి, ఆ వంపు చదునగును.

స్వీడనులోనే ఆల్ఫ్ నాకెమ్సన్ 1960 దశకమున వెన్నుపూసల నడుమనున్న మెత్తని బిళ్ళలోనికి సూది పంపి, అచ్చటి పీడనమును సరాసరి కొలిచెను. ఆనుడు లేక కూర్చున్నప్పుడు పీడనము నిలుచున్నప్పటికంటె సుమారు 40 శాతము హెచ్చుగా కనబడెను. తరువాత జరిగిన కొలతలలో వీపుపలకను వెనుకకు వాల్చినకొలదిని, నడుము వద్ద ఊత యిచ్చినప్పుడును పీడనము తగ్గినట్లు తేలెను. 1999లో జర్మనీలో ఒక వ్యక్తిపై జరిగిన కొలతలలో కూర్చున్నప్పటి పీడనము నిలుచున్నప్పటికంటె హెచ్చు కాలేదు. కాని వెనుకకు చేరగిలబడినప్పుడు తగ్గుననుటలో ఆ కొలతలును ఏకీభవించినవి. కారణము సులభము. వాలినప్పుడు పైశరీరపు బరువులో కొంత భాగమును వీపుపలక మోయును. వెన్నెముకకు ఆమేరకు భారము తగ్గును. కనుక వాలుట సోమరితనమునకు గుర్తు కాదనియు, వెన్నునకు దొరకు విడుపనియు తేలినది.

స్ప్రింగు ఎందుకు సరిపడును?

ఇక యంత్రశాస్త్రపు ప్రశ్న. మనిషి ఏ కోణమున వాలిన ఆ కోణముననే అతనిని నిలుపుట యెట్లు? ఒక చిన్న లెక్క చూడుడు. 60 కిలోల మనిషికి తల, చేతులు, మొండెము కలిసి ఇంచుమించు 40 కిలోలుండును. దాని గురుత్వకేంద్రము తుంటి కీలుకు 28 సెంటీమీటర్ల ఎత్తున నున్నదనుకొందము. నిట్టనిలువు నుండి 10 డిగ్రీలు వాలినప్పుడు అతనిని వెనుకకు పడద్రోయు భ్రామకము సుమారు 19 న్యూటను-మీటర్లు. 20 డిగ్రీలు వాలినప్పుడు సుమారు 37.5. అనగా కోణము రెట్టింపైనచో భ్రామకమును ఇంచుమించు రెట్టింపగును.

సాగిన కొలది బలము హెచ్చుట స్ప్రింగు స్వభావమని రాబర్టు హుక్ 1678లోనే ప్రకటించెను. రెండును ఒకే తీరున పెరుగుచున్నవి గనుక, తగిన బిగువు గల స్ప్రింగు ప్రతి కోణమునను మనిషిని తూచినట్లు నిలుపగలదు. అయితే 90 కిలోల వానికి 45 కిలోల వానికంటె రెట్టింపు బిగువు కావలెను. ఆసనము క్రింద త్రిప్పు మర ఉండుట అందులకే. 1999లో వచ్చిన నీల్స్ డిఫ్రియెంట్ కుర్చీలో ఈ మర లేదు. మనిషి వాలినప్పుడు ఆసనము కొంచెము పైకి లేచును. అతని బరువే అతనికి ప్రతితూకము.

మరియొక చిక్కు కీలు ఉండవలసిన చోటు. ఆసనమును వీపుపలకయు ఒకే ముక్కగా నడిమి కీలుపై ఒరిగినచో మోకాళ్ళు లేచి, పాదములు నేలను విడుచును. ఆసనపు అంచు తొడల క్రింద ఒత్తును. వీపుపలక ఒక్కటే ఒరిగినచో, దాని కీలు తుంటి కీలుకు దూరమున నుండుటచే పలక వీపుపై జారి, చొక్కాను పైకి లాగును. ఈ రెండు చిక్కులను తగ్గించుటకు ఆసనమును, వీపుపలకను కడ్డీలతో జతపరచి, వేరువేరు కోణములలో కలిసి కదలునట్లు చేసిరి. ఉదాహరణకు వీపు రెండు డిగ్రీలు వాలిన ఆసనము ఒక డిగ్రీ ఒరుగును. జర్మనీకి చెందిన విల్‌కాన్ సంస్థ 1980లో తెచ్చిన కుర్చీ ఈ మార్గమున ప్రసిద్ధి చెందినది.

కుర్చీ అడుగున ఐదు కాళ్ళు ఏల? కాళ్ళ పొడవు ఒకటే అయినప్పటికిని, నడిమి నుండి దొర్లిపడు అంచునకు గల దూరము నాలుగు కాళ్ళకు కాలి పొడవులో 71 శాతము, ఐదింటికి 81 శాతము. వెనుకకు వాలువానికి ఆ పది పాళ్ళే రక్షణ.

మరల విశాఖపట్టణమునకు

1933లో విశాఖ రేవు సముద్రనౌకలకు తెరువబడెను. 1971లో శంకుస్థాపన జరిగిన ఉక్కు కర్మాగారము 1992లో జాతికి అంకితమయ్యెను. ఋషికొండపై కంప్యూటరు సంస్థలు వెలసెను. నేడు ఈ నగరమున గంటల తరబడి కూర్చుండి పనిచేయువారు వేలకొలది గలరు. వారందరి పనియు ఒకటి కాదు. తెర ముందు కూర్చున్నవానికి వాలు కుర్చీ మేలు చేయును. ఎత్తున కూర్చుండి క్రేను నడుపువాడు క్రిందనున్న బరువును చూచుటకు ముందుకు వంగవలసియుండును; ఆ సమయమున వెనుకనున్న పలక అతనికి అక్కరకు రాదు. అతని గది కిటికీని, మీటలను కూడ అతని శరీరమునకు అనుగుణముగా అమర్చవలెను. ఎంత మంచి కుర్చీయైనను నడుమ నడుమ లేచి నడచుటకు సాటి రాదు.

1994లో అమెరికాలో వెలువడిన ఏరాన్ కుర్చీ మెత్తను విడిచి, గాలియాడు వల అల్లికను ఆసనముగా చేసికొన్నది. పేము అల్లిన విశాఖ పనివారికి ఆ గుణము ముందే తెలియును. వారెరుగనిది, ఆనాడు ఎవరును అడుగనిది, వెన్నెముకకు ఏమి కావలెనన్న ప్రశ్న. నేడు దానికి జవాబు చాలవరకు దొరికినది. ఆ జవాబు అధికారి గదిలోనే ఆగిపోక గుమాస్తా బల్ల వరకును, క్రేను గది వరకును చేరినప్పుడే ఈ శాస్త్రము సార్థకమగును.