పెళ్లికి ముందు రాసుకున్న ఒప్పందం: కోర్టులో సవాలు చేయడం ఎలా?

ఎవరి ఆస్తి ఎవరిది, విడిపోతే ఎవరు ఎంత చెల్లించాలి అన్న విషయాలపై కాబోయే దంపతులు ముందుగా రాసుకునే పత్రమే వివాహపూర్వ ఒప్పందం. వాడుకలో దీన్ని ప్రీనప్ అంటున్నారు. గోవాలో 1867 నాటి పోర్చుగీసు పౌరస్మృతి కింద ఇది చట్టబద్ధం. 1955 నాటి హిందూ వివాహ చట్టంలో మాత్రం దీని ఊసే లేదు. అందువల్ల మిగిలిన చోట్ల హిందూ దంపతుల మధ్య ఇలాంటి పత్రంపై వివాదం వస్తే, 1872 నాటి కాంట్రాక్టు చట్టమే ప్రధాన గీటురాయి.

ఆ చట్టంలోని సెక్షన్ 23 ప్రకారం చట్టానికి, సమాజహితానికి విరుద్ధమైన ఒప్పందం మొదటి నుంచీ చెల్లదు. భార్యను ఎన్నడూ పుట్టింటి నుంచి తీసుకెళ్లనని వరుడు పెళ్లికి ముందు రాసిచ్చిన హామీని 1901లో కలకత్తా హైకోర్టు ఈ కారణంతోనే తోసిపుచ్చింది. (తెలుగునాట ఇల్లరికం ఆచారబలంతో గుర్తింపు పొందింది, అది వేరే సంగతి.) కట్నం ఇచ్చిపుచ్చుకునే ఒప్పందమైతే 1961 నాటి వరకట్న నిషేధ చట్టం సెక్షన్ 5 కిందే చెల్లదు.

ఎక్కువగా చిక్కు తెచ్చేది భరణం వదులుకుంటున్నట్లు రాసే షరతు. రూ.8,000 తీసుకుని ఇక భరణం అడగనని ఒక భార్య రాజీపత్రంలో అంగీకరించినా, ఆమె హక్కు పోదని 2013లో సుప్రీంకోర్టు తేల్చింది. అది పెళ్లి తర్వాతి పత్రమే అయినా, అందులోని తర్కం వివాహపూర్వ షరతును ప్రశ్నించేవారికీ బలమైన ఆధారం.

షరతులు సక్రమంగానే ఉండి, సమ్మతి స్వేచ్ఛగా ఇచ్చినది కాకపోతే దారి వేరు. బలవంతం, అనుచిత ప్రాబల్యం, మోసం, తప్పుడు సమాచారం వల్ల సంతకం చేసినవారు ఒప్పందాన్ని రద్దు చేయించుకోవచ్చు. అయితే రద్దు కోరేదాకా అది అమల్లో ఉన్నట్లే. సాధారణంగా రుజువు భారం ఫిర్యాదుదారుపైనే ఉంటుంది. ఎదుటి పక్షానికి తమపై పెత్తనం చెలాయించగల స్థానం ఉందని, ఒప్పందం పైకే అన్యాయంగా కనిపిస్తోందని చూపగలిగితే, ఆ భారం సెక్షన్ 16 కింద అటు మారుతుంది. కాబట్టి ముసాయిదా ఎప్పుడు చేతికందింది, ఆస్తుల వివరాలు చూపారా, సొంత న్యాయవాది ఉన్నారా అన్నవి కీలకం. పత్రం రద్దు కోరే దావాకు, అందుకు కారణమైన విషయం తెలిసిన నాటి నుంచి 3 ఏళ్లే గడువు. చాలామంది చేజార్చుకునేది దీన్నే.

విదేశాల్లో స్థిరపడిన తెలుగువారు అక్కడి చట్టాన్నీ చూసుకోవాలి. కాలిఫోర్నియాలో ఒప్పందం చేతికి అందడానికీ, సంతకానికీ మధ్య కనీసం 7 రోజులు ఉండాలి. పెళ్లికి కొద్దిరోజుల ముందు, సంతకం చేయకుంటే పెళ్లి జరగదన్న ఒత్తిడి మధ్య కుదిరిన ఒప్పందాన్ని 2017లో ఆస్ట్రేలియా హైకోర్టు కొట్టివేసింది.