కరుణ కుమార్

కరుణ కుమార్ తెలుగు కథా రచయిత, సినీ దర్శకుడు. శ్రీకాకుళం జిల్లాకు చెందిన ఈయన కథకుడిగా గుర్తింపు పొందిన తరువాత చలనచిత్ర రంగంలో ప్రవేశించారు. 2020లో విడుదలైన "పలాస 1978" దర్శకుడిగా ఈయన తొలి చిత్రం. కులవివక్ష, ప్రాంతీయ జీవితం ఈయన చిత్రాలలో ముఖ్యమైన ఇతివృత్తాలు.

నేపథ్యం

తెలుగు కథా సాహిత్యంలో శ్రీకాకుళం జిల్లాకు విశిష్ట స్థానమున్నది. "యజ్ఞం" కథను రచించిన కాళీపట్నం రామారావు ఈ జిల్లావారే. ఆయన 1997లో శ్రీకాకుళం పట్టణంలో కథానిలయాన్ని స్థాపించారు.

జిల్లా ఉత్తర భాగంలో పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి తదితర మండలాలలో విస్తరించిన తీరప్రాంతానికి ఉద్దానం అని పేరు. ఇది కొబ్బరి, జీడి, పనస తోటలకు ప్రసిద్ధి. జీడిపిక్కల నుండి పప్పు తీసే పరిశ్రమలకు పలాస-కాశీబుగ్గ కేంద్రం. ఈ పరిశ్రమలలో స్త్రీలు అధిక సంఖ్యలో పనిచేస్తారు.

పలాస 1978

ఈ పట్టణమే కరుణ కుమార్ తొలి చిత్రానికి కథాస్థలం. ధ్యాన్ అట్లూరి నిర్మించిన ఈ చిత్రాన్ని తమ్మారెడ్డి భరద్వాజ సమర్పించారు. జానపద కళాకారుల కుటుంబంలో పుట్టిన మోహనరావు, రంగారావు అనే అన్నదమ్ములు ఊరి షావుకార్ల చేతిలో ఆయుధాలుగా మారడం ఇందులోని కథ. రక్షిత్, తిరువీర్ ఆ పాత్రలను ధరించారు. సంగీతం సమకూర్చిన రఘు కుంచె ప్రతినాయక పాత్రను కూడా పోషించారు.

అంతకుముందు అనేక తెలుగు చిత్రాలలో ఉత్తరాంధ్ర యాస హాస్యపాత్రలకే పరిమితమైనది. ఈ చిత్రంలో నాయకుడు, ప్రతినాయకుడు కూడా అదే యాసలో మాట్లాడతారు. ఉత్తరాంధ్ర జానపద గీతం ఆధారంగా రూపొందిన పాట విశేష ప్రజాదరణ పొందినది. 2020 మార్చి 6న చిత్రం విడుదల కాగా, కరోనా కారణంగా కొద్ది రోజులకే థియేటర్లు మూతపడ్డాయి. అనంతరం ఓటీటీ ద్వారా ఇది మరింతమంది ప్రేక్షకులకు చేరినది.

ఇతర చిత్రాలు

తోటి కథకుల రచనలను తెరకెక్కించడం ఈయన సినీ జీవితంలో మరొక విశేషం. మహమ్మద్ ఖదీర్‌బాబు కథల ఆధారంగా 2020లో ఆహా ఓటీటీ కోసం "మెట్రో కథలు" తీశారు. ఇందులో నాలుగు కథలున్నాయి. సుధీర్ బాబు, ఆనంది నటించిన "శ్రీదేవి సోడా సెంటర్" (2021) చిత్రానికి నాగేంద్ర కాశీ కథ అందించారు. కులాంతర ప్రేమ, పరువు హత్య దాని ఇతివృత్తం.

తరువాత "కళాపురం" (2022), విశాఖపట్నం నేపథ్యంలో వరుణ్ తేజ్ కథానాయకుడిగా "మట్కా" (2024) చిత్రాలకు దర్శకత్వం వహించారు.