లైఫ్ సర్టిఫికెట్

పింఛను తీసుకునే వ్యక్తి బతికే ఉన్నారని ఏటా ఇచ్చే రుజువు పత్రం పేరు లైఫ్ సర్టిఫికెట్. చనిపోయినవారి ఖాతాల్లో ప్రభుత్వ సొమ్ము పడకుండా ఆపడానికి భారతదేశంలో చాలాకాలంగా నడుస్తున్న పద్ధతి ఇదే. మరణాల నమోదు, ఆధార్ రద్దు, నెలనెలా వేలిముద్రలు దీనికి తర్వాత తోడయ్యాయి.

అవసరం

పింఛను ఒకసారి మంజూరైతే, ఆపమని ఎవరో చెప్పేదాకా పడుతూనే ఉంటుంది. ఇంట్లో మనిషి పోయినప్పుడు బ్యాంకుకు కబురు పెట్టాలన్న ధ్యాస ఎవరికీ ఉండదు. కాబట్టి ఇలా పడిన సొమ్మంతా మోసమని చెప్పలేం. కానీ దినకర్మలయ్యాక కూడా పెద్దాయన ఏటీఎం కార్డు పనిచేస్తూనే ఉందని గమనించి ఊరుకునేవాళ్లూ ఉంటారు. పైగా ఆ తర్వాత ఇంటివారికి వచ్చే కుటుంబ పింఛను సాధారణంగా అసలు పింఛను కన్నా తక్కువ. మరణాన్ని దాచాలన్న ఆశ అక్కడే పుడుతుంది. కేంద్ర ప్రభుత్వ నిబంధన ప్రకారం మనిషి పోయిన రోజుకు కూడా పింఛను చెల్లుతుంది. మర్నాటి నుంచి అర్హులకు కుటుంబ పింఛను మొదలవుతుంది. ఆపైన పడిన అసలు పింఛనును బ్యాంకు వెనక్కి రాబట్టుకుంటుంది.

జాతీయ సామాజిక సహాయ కార్యక్రమంపై 2023లో వచ్చిన కాగ్ నివేదిక, 2 వేల మందికి పైగా లబ్ధిదారుల పేరిట వారు చనిపోయాక కూడా సుమారు 2 కోట్ల రూపాయలు చెల్లించారని తేల్చింది. ఆయుష్మాన్ భారత్‌పై అదే ఏడాది వచ్చిన మరో కాగ్ నివేదిక ఇంకా విడ్డూరం. అప్పటికే మరణించినట్లు నమోదైన 3,446 మంది రోగులకు చికిత్స చేసినట్లు చూపి 6.97 కోట్ల రూపాయలు చెల్లించారు.

నవంబరు పద్ధతి

కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు ఏటా నవంబరులో ఈ పత్రం ఇవ్వాలి. 80 ఏళ్లు దాటినవారికి అక్టోబరు 1 నుంచే అవకాశం ఉంది. ఇవ్వకపోతే చెల్లింపు ఆగుతుంది, ఇచ్చాక బకాయిలతో సహా వస్తుంది. ఉద్యోగుల పింఛను పథకం (ఈపీఎస్-95) కింద పింఛను పొందేవారికి నవంబరు గడువు లేదు. ఎప్పుడిచ్చినా ఆ రోజు నుంచి ఏడాది చెల్లుతుంది. ఒకప్పుడు మనిషి స్వయంగా బ్యాంకుకో ట్రెజరీకో వెళ్లాలి, లేదా గెజిటెడ్ అధికారి సంతకం తేవాలి. అమెరికాలో పిల్లల దగ్గర ఉంటున్న తెలుగు పింఛనుదారులు భారత కాన్సులేట్‌ను ఆశ్రయిస్తారు.

2014 నవంబరు 10న ప్రారంభమైన జీవన్ ప్రమాణ్ ఈ తతంగాన్ని ఆధార్‌తో ముడిపెట్టింది. వేలిముద్రో కనుపాపో సరిపోలితే పత్రం డిజిటల్‌గా తయారై బ్యాంకుకు చేరుతుంది. చిక్కల్లా వేళ్లతోనే. జీవితమంతా నాట్లు వేసిన చేతులకు, బీడీలు చుట్టిన వేళ్లకు గీతలు అరిగిపోయి ఉంటాయి. తడిగుడ్డతో తుడిచి, ఒక్కో వేలూ మార్చి నొక్కించినా యంత్రం ఒప్పుకోదు. 2021 నవంబరులో వచ్చిన ముఖ గుర్తింపు ఈ బాధను చాలావరకు తగ్గించింది. ఫోన్ కెమెరా ఎదుట కూర్చుని కళ్లు ఆర్పితే చాలు. ఫొటో చూపించి యంత్రాన్ని మాయ చేయకుండా పెట్టిన షరతు అది. మంచం పట్టినవారి ఇంటికి రుసుము తీసుకుని పోస్ట్‌మ్యానే వస్తాడు.

మరణాల నమోదు

బతికున్నవారంతా ఏటా రుజువు చూపడం కన్నా, పోయినవారి లెక్క సరిగ్గా రాస్తే సరిపోతుంది కదా అన్నది న్యాయమైన ప్రశ్నే. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం మరణాన్ని 21 రోజుల్లో తెలపాలి. ఇంట్లో జరిగితే ఇంటి పెద్ద, ఆసుపత్రిలో జరిగితే ఆసుపత్రి ఆ పని చేయాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేట్ ఉత్తర్వు కావాలి. 2023 అక్టోబరు 1 నుంచి అమలైన సవరణ ఈ వివరాలతో జాతీయ డేటాబేస్ ఏర్పాటుకు, రేషన్ కార్డులు, ఓటర్ల జాబితాల వంటివాటితో దాన్ని పంచుకోవడానికి వీలు కల్పించింది. మరణాల నమోదు జాబితాల వంటివాటి ఆధారంగా ఆధార్ సంస్థ 2 కోట్లకు పైగా మరణించినవారి నంబర్లను నిలిపివేసినట్లు 2025 నవంబరులో ప్రకటించింది. ఆ నంబర్లను మళ్లీ ఎవరికీ కేటాయించరు.

పొరపాటు రెండోవైపు

జాబితాల మీద నమ్మకం పెరిగేకొద్దీ బతికున్నవారిని చంపేసే ప్రమాదమూ పెరుగుతుంది. ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్‌కు చెందిన లాల్ బిహారీ భూమి కోసం బంధువులు చేసిన పనివల్ల 1975 నుంచి 1994 దాకా రెవెన్యూ రికార్డుల్లో మృతుడే. పేరు చివర ‘మృతక్’ అని చేర్చుకుని, తనలాంటివారితో సంఘం పెట్టి, ఎన్నికల్లో రాజీవ్ గాంధీ మీద కూడా పోటీ చేశాడు. చనిపోయాక పింఛను తీసుకుంటే పోయేది ఖజానా సొమ్ము, దాన్ని రాబట్టుకోవచ్చు. పింఛనే ఆధారమైన ముసలావిడ పేరు పొరపాటున కొట్టేస్తే ఆ నెల పూట గడవదు. సవరణకు తిరగాల్సిందీ ఆమే.

తెలుగు రాష్ట్రాల్లో

తెలంగాణ ప్రభుత్వం విశ్రాంత ఉద్యోగులు సెల్ఫీతో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే సదుపాయాన్ని టీ యాప్ ఫోలియోలో పెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా పింఛనును సచివాలయ సిబ్బంది నెల మొదట్లోనే గుమ్మం దగ్గరికి వచ్చి బయోమెట్రిక్ తీసుకుని ఇస్తారు. అంటే ప్రతి నెలా ఒక లైఫ్ సర్టిఫికెట్ అయినట్లే. పింఛనుదారు ఇంట్లో లేకుంటే ఊరు వెళ్లారా, లోకం విడిచారా అన్నది ఆ వీధిలోనే తెలిసిపోతుంది. 2024 చివర్లో ఇందులో ఒక మార్పు వచ్చింది. పింఛను తీసుకుంటున్న భర్త చనిపోతే, మరణ ధ్రువీకరణ పత్రం ఇచ్చిన భార్యకు కొత్త మంజూరు విడత కోసం ఎదురుచూపు లేకుండా మరుసటి నెల నుంచే వితంతు పింఛను ఇస్తున్నారు.