లెక్కకు రాని ఘబ్రాహట్

నయాపూల్ దాటితే ఉస్మానియా దవాఖానా. పాతబస్తీ నుంచి నడిచి వెళ్లేంత దూరం. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు, ఇప్పుడు ఆ ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి దాదాపు 150 మంది బతికారని చెప్పుకుంటారు.

1990 డిసెంబర్‌లో ఆ కాస్త దూరమే దాటరానిదైంది. సెప్టెంబర్‌లో సోమనాథ్‌లో బయల్దేరిన రథయాత్ర దేశాన్ని చీల్చింది. ఇక్కడేమో పాలక కాంగ్రెస్‌లో కుర్చీ కోసం ముఠాల కొట్లాట. పాతబస్తీ మండింది. ముఖ్యమంత్రి చెన్నారెడ్డిని దించడానికే మంట పెట్టారన్న ఆరోపణ ఆనాడే వచ్చింది. ఆ నెలలోనే ఆయన దిగిపోయాడు, జనార్దనరెడ్డి ఎక్కాడు. చరిత్ర ఇంతవరకే రాస్తారు. కాస్త ఉదారులైతే కత్తిపోట్లకు చచ్చినవాళ్ల సంఖ్య వేస్తారు.

మరి కర్ఫ్యూలో చక్కెర జబ్బు సూది దొరకనివాళ్లు? నొప్పులు మొదలైన ఆడమనిషి గల్లీ చివర పోలీసులను చూసి వెనక్కి తిరిగితే అది ఏ పద్దులో పడాలి? క్షయ మందులు నడుమ ఆపితే రోగం మొండికేస్తుంది. ఆ మొండి రోగం అంటుకునేటప్పుడు పక్కవాడి మతం చూడదు. లాడ్‌బజార్ గాజుల పనివాడికి పని లేకపోతే ఆ పూట పొయ్యి లేదు. సడలించిన గంటా రెండు గంటల్లో పాలకు పోవాలా, మందులకు పోవాలా?

చావులు ఆగినా ఖౌఫ్ ఆగలేదు. మానసిక విశ్లేషకుడు సుధీర్ కాకర్ ఆ హింస తర్వాత ఇక్కడి హిందువులతో, ముస్లింలతో మాట్లాడి 1996లో పుస్తకం తెచ్చాడు. మా ఇళ్లలో ఆ ఖౌఫ్ పేరు ఘబ్రాహట్. గుండె దడ, చేతుల్లో చెమట, రాత్రంతా కన్ను మూతపడకపోవడం. మా అమ్మీ డాక్టరుకు ఈ మాటే చెప్పేది, ఆయన బలం గోలీలు రాసేవాడు. చీటీ మీద 'దంగా' అని ఎవరు రాస్తారు? పాతబస్తీలో చిక్కుకున్న పేద హిందువుదీ ఇదే దడ. ఈ మాట మనమే ముందు చెప్పాలి.

ముప్పై ఏళ్లకు మళ్లీ వచ్చింది, ఈసారి జబ్బు పేరుతోనే. 2020 మార్చి 30న, నిజాముద్దీన్ మర్కజ్‌కు వెళ్లొచ్చిన ఆరుగురు కరోనాతో చనిపోయారని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించింది. జబ్బు వార్త చూస్తుండగానే మతం వార్తయింది. 'కరోనా జిహాద్' అన్నారు. పండ్లబండివాడి పేరు అడిగి మరీ తరిమారు. దగ్గొస్తే దవాఖానాకు పరిగెత్తాల్సిన రోజుల్లో దగ్గును దాచుకునే భయం పుట్టించారు. దాచుకున్న జబ్బు ఇంట్లో ముసలివాళ్లను వదులుతుందా? ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచి విదేశీ తబ్లీగీల మీద కేసులు కొట్టేసింది, వాళ్లను బలిపశువులను చేశారంది. అప్పటికి దాదాపు ఐదు నెలలు గడిచిపోయాయి.