గాయాల వైద్యంలో గంజాయి (ఉత్తరాంధ్ర)

దెబ్బ తగిలిన మనిషి గంజాయిని మందుగా ఎంత నమ్మవచ్చనుకుంటాడో, ఆ నమ్మకం కాలంతో ఎలా మారిందో చెప్పే చరిత్ర ఇది. విజయనగరం జిల్లా రామతీర్థంలో ఎవరికైనా కాలు విరిగితే ముందు నెల్లిమర్ల, విజయనగరం ఆసుపత్రులు. అక్కడ కాదంటే విశాఖ కె.జి.హెచ్. ఆ దారిలో ఎక్కడైనా ‘గంజాయి’ అన్న మాట వినబడితే గుర్తొచ్చేది మందు కాదు, పోలీసు కేసు. ఒకప్పుడు ఇలా లేదు.

ఆయుర్వేదంలో గంజాయి పేర్లు విజయ, భంగ. శార్ఙ్గధర సంహిత, భావప్రకాశం దీన్ని ఔషధంగానే చెప్పాయి, మత్తు గుణాన్ని దాచలేదు. కడుపు జబ్బులకిచ్చే జాతీఫలాది చూర్ణంలో భంగ ఉంటుంది. దేశీయ మందుల నిబంధనలు దీన్ని విషద్రవ్యాల పట్టికలో చేర్చి, వైద్యుని పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక సీసా మీద ఉండాలంటాయి.

ఇంగ్లీషు వైద్యంలోకి దీన్ని తెచ్చినవాడు విలియం ఓషానెసీ. కలకత్తాలో ముందు జంతువుల మీద ప్రయోగించి, తర్వాత కీళ్లవాతం, ధనుర్వాతం రోగులకిచ్చి 1839లో ఫలితాలు చదివి వినిపించాడు. ధనుర్వాతం గాయం వెంట వచ్చే జబ్బే కనుక, గాయపడినవారితో గంజాయి ఆధునిక చరిత్ర అక్కడే మొదలైందనవచ్చు. 1893లో ప్రభుత్వం నియమించిన గంజాయి విచారణ సంఘం 1,193 మంది సాక్షులను విచారించింది. మితంగా వాడితే చెప్పుకోదగ్గ హాని లేదు, అతి అయితే చేటు అని మరుసటి ఏడాది తేల్చింది.

1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ఆ తీర్పును పక్కన పెట్టింది. పూత, కాయ ఉన్న కొనలే చట్టం దృష్టిలో గంజాయి. విడిగా ఉన్న ఆకు, గింజ కావు. వైద్య, శాస్త్ర అవసరాలకు చట్టం సందు ఉంచినా, విశాఖ మన్యంలో సాగైంది దొంగ సరుకే. ‘శీలావతి’ రకం పేరు దూరప్రాంతాలకూ పాకింది. 2021లో ‘ఆపరేషన్ పరివర్తన’తో పోలీసులు వేల ఎకరాల తోటలు నరికించారు. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర సుమారు 2 లక్షల కిలోలు తగలబెట్టారు. 2024లో మాదకద్రవ్యాల కట్టడికి ‘ఈగల్’ దళం వచ్చింది. చిత్రమేమిటంటే, ఆసుపత్రిలో నొప్పికిచ్చే మార్ఫిన్ కూడా ఇదే చట్టం కిందది. 2018 నుంచి ట్రమడాల్ కూడా. వాటిని చూసి రోగి అంతగా జంకడు. ఇచ్చే చెయ్యి డాక్టరుది కదా.

రోగుల అభిప్రాయాన్ని నేరుగా అడిగిన పని అమెరికాలో జరిగింది. మసాచుసెట్స్‌లోని రెండు ఆసుపత్రుల్లో ఎముకల, కండరాల గాయాలకు చికిత్స కోసం వచ్చిన 500 మందిని అడిగితే, 78 శాతం గంజాయి నొప్పికి పనికొస్తుందన్నారు. గాయమయ్యాక వాడినవారు 14 శాతమే. వారిలో 90 శాతం నొప్పి తగ్గిందనీ, 81 శాతం నల్లమందు జాతి మాత్రలు తక్కువ మింగామనీ చెప్పారు. 2018లో ప్రచురించిన మరో పరిశీలనలో మందుల చీటీల లెక్క చూస్తే, అలా నమ్మినవారే ఆ మాత్రలు ఎక్కువగా, ఎక్కువ కాలం వాడారు. రోగి అబద్ధమాడాడని కాదు. ఊరట నిజమే కావచ్చు, లెక్క వేరు. నొప్పి అధ్యయనాల అంతర్జాతీయ సంఘం 2021లో గంజాయి మందులను నొప్పికి సిఫారసు చేయలేమంది.

గాయపడినవారికి అసలు ముప్పు ఆపరేషన్ బల్ల మీద ఉంది. గంజాయి గుండె వేగం పెంచుతుంది. రోజూ పీల్చేవారికి మత్తుమందు మామూలు మోతాదు చాలకపోవచ్చు. అందుకే అమెరికా మత్తు వైద్యుల సంఘమొకటి 2023లో, ఆపరేషన్‌కు ముందు ప్రతి రోగినీ గంజాయి సంగతి అడగాలంది. మన దగ్గర ప్రమాద కేసులు మెడికో లీగల్‌గా నమోదై పోలీసులకు కబురు వెళ్తాయి. గంజాయి తాగడమే నేరం. ఆరు నెలల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. అందుకే ‘ఏమైనా అలవాట్లున్నాయా బాబూ’ అంటే బీడీ, సారా అని ఒప్పుకున్న నోరు ఆ మూడో మాట దగ్గర ఆగుతుంది.