ఇంటి నుంచి పనిలో అమ్మే సీనియర్

2020లో ఉగాది మార్చి 25న వచ్చింది. ఆఫీసు వాళ్లు అప్పటికే ఇంటి నుంచి పని చేసుకోమన్నారు కదా, పండగ దాకా ఊళ్లో ఉండొచ్చని నాలుగు రోజుల ముందే బస్సెక్కి కోరుట్ల దగ్గర మా ఊరికి పోయాను. వెంట రెండు జతల బట్టలు, ఒక లాప్‌టాప్. ఆదివారం జనతా కర్ఫ్యూ. సాయంత్రం అయిదింటికి ఊరంతా గిన్నెలు, పళ్లేలు మోగించింది. మంగళవారం రాత్రి ఎనిమిదింటికి ప్రధాని టీవీలో కనబడి 21 రోజులు ఎవరూ గడప దాటొద్దన్నారు. మర్నాడు ఉగాది. పంచాంగంలో ఆ ఏడాది పేరు శార్వరి. అంటే రాత్రి అని అర్థమట. నా రెండు జతల బట్టల సంగతి అప్పుడే గుర్తొచ్చింది.

మా ఇంట్లో టేబుల్ లేదు. ఉన్నదల్లా అమ్మ కుట్టుమిషన్. దాని తల కిందికి మడిచి, మీద పలక పరిచి లాప్‌టాప్ పెట్టుకున్నా. కోడ్ రాస్తుంటే కాళ్లు వాటంతటవే పెడల్ తొక్కేవి. కాల్‌లో ఎవరో అడిగారు, "ఏదో బండి చప్పుడొస్తోంది, డ్రైవింగ్‌లో ఉన్నావా?" అని. పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ. ఈ వేషం నా ఒక్కడిదే కాదని తర్వాత తెలిసింది. ఆ ఏప్రిల్‌లోనే రాజస్థాన్ హైకోర్టు వీడియో విచారణకు ఒక లాయరు బనీను మీద హాజరైతే, జడ్జి గారు కేసు వాయిదా వేశారు. నేను కనీసం చొక్కా వేసుకున్నా.

మార్చి 28 నుంచి దూరదర్శన్ పాత రామాయణం మళ్లీ మొదలుపెట్టింది. పొద్దున తొమ్మిదికి ఒకటి, రాత్రి తొమ్మిదికి ఒకటి. మా స్టాండప్ మీటింగు తొమ్మిదిన్నరకు. నిన్న ఏం చేశాను, ఇవ్వాళ ఏం చేస్తాను, అడ్డంకులేంటి అని చెప్పాలి. నేను మ్యూట్ తీసిన ప్రతిసారీ వెనక నుంచి ఏదో ఒక అస్త్రం దూసుకొచ్చేది. లంకలో యుద్ధం మొదలయ్యాక మా మేనేజరు కూడా అడ్డంకుల గురించి అడగడం మానేశారు.

ఇదంతా వారం రోజులు గమనించిన పక్కింటి చిన్నమ్మ ఒకరోజు మా అమ్మను అడిగింది. "మీ కొడుకు నౌకరి పోయిందా అక్కా? పొద్దుగాల్నుంచి ఇంట్లనే కూసుంటుండు." అమ్మ చెప్పిన జవాబు ఇది: "పోలేదే. మనం ఇంట్ల కూసొని బీడీలు చేస్తలేమా? వాడు గూడ గట్లనే."

అప్పటికి నవ్వేసి ఊరుకున్నా. తర్వాత మాత్రం ఆ మాట వదల్లేదు. ఈ వ్యాసం దాని వెంట పోయి చదువుకున్నదే.

మా రంగంలో ఇంటి నుంచి పనికి చరిత్ర చెప్పమంటే అందరూ 1973 దగ్గర మొదలుపెడతారు. అంతరిక్ష రంగంలో పనిచేసి దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి వచ్చిన జాక్ నిల్స్, 'టెలికమ్యూటింగ్' అనే మాట పుట్టించిన ఏడాది అది. అదే ఏడాది అక్టోబరులో చమురు సంక్షోభం వచ్చింది. లాస్ ఏంజిలిస్ రోడ్ల మీద కార్లలో కూచుని జనం పెట్రోలు తగలేసే బదులు, పనే ఫోన్ తీగల మీద జనం దగ్గరికి వస్తే పోలేదా అన్నది ఆయన ఆలోచన. ఇందులో తమాషా ఏంటంటే, ఒక బీమా కంపెనీతో ఆయన చేసిన మొదటి ప్రయోగంలో ఉద్యోగుల్ని ఇంట్లో కూచోబెట్టలేదు. ఇళ్లకు దగ్గర్లో ఉన్న చిన్న చిన్న ఆఫీసులకు రమ్మన్నారు. కుట్టుమిషన్ బల్ల దాకా రావడానికి ఇంకో 47 ఏళ్లు పట్టింది.

కానీ ఈ కథ 1973లో మొదలైందనుకోవడం మా సాఫ్ట్‌వేర్ వాళ్ల అమాయకత్వం. నరసాపురం దగ్గర మాధవాయపాలెం అనే ఊరుంది. ఈస్టిండియా కంపెనీ అక్కడ కొఠీ పెట్టింది. ఆ ఊరి పేరు ఇంగ్లీషు వాళ్ల నోట్లో 'మదపొల్లం' అయ్యి, ఒక రకం నూలు బట్టకు పేరుగా ప్రపంచమంతా తిరిగింది. కొఠీ అంటే మగ్గాలు వరసగా పెట్టిన ఫ్యాక్టరీ అనుకునేరు. అది గోదాము, లెక్కల గది. మగ్గం నేతగాడి ఇంట్లోనే ఉండేది. కంపెనీ బయానా ఇచ్చేది, బట్ట తెమ్మనేది, నాణ్యత చూసి తీసుకునేది, లేదా తిప్పికొట్టేది. ఆ బట్టల లెక్కలు ఓడెక్కి లండన్‌లో లెడెన్‌హాల్ వీధిలో ఉన్న కంపెనీ ఆఫీసుకు చేరేవి. ఇంగ్లీషు వ్యాసాలకు పేరు తెచ్చిన చార్లెస్ లాంబ్ 1792 నుంచి 1825 దాకా, 33 ఏళ్లు, ఆ ఆఫీసులోనే గుమాస్తా. ఒకే కంపెనీలో ఒక కొసన ఇల్లు, ఇంకో కొసన ఆఫీసు. సాహిత్య చరిత్రలోకి ఆఫీసు వైపున్న ఉద్యోగి ఎక్కాడు.

ఫ్యాక్టరీ వచ్చాక ఇంటి పని పోయిందంటారు. అదీ పూర్తిగా నిజం కాదు. 1771లో రిచర్డ్ ఆర్క్‌రైట్ ఇంగ్లండులో క్రామ్‌ఫర్డ్ దగ్గర నీటి శక్తితో నడిచే నూలు మిల్లు పెట్టాడు. గంట కొడితే లోపలికి, గంట కొడితే బయటికి. ఫ్యాక్టరీ యుగానికి పుట్టిల్లు అని దానికి పేరు. కానీ 1776లో అదే మనిషి పనివాళ్ల కోసం నార్త్ స్ట్రీట్‌లో కట్టించిన ఇళ్లు చూడండి. పై అంతస్తులో పొడుగాటి కిటికీలతో గదులుంటాయి. అవి ఇంట్లో కూచుని నేసుకోవడానికి. నూలు వడకడం మిల్లులో, నేయడం ఇంట్లో. ఇప్పుడు కంపెనీలన్నీ గొప్పగా చెప్పుకుంటున్న 'హైబ్రిడ్ మోడల్' వయసు అంతన్నమాట.

మగ్గం ఉన్న ఇంట్లో పని ఎవరిది అని అడిగితే నేతగాడి పేరు చెప్తాం. కండెలు చుట్టేదెవరు? పోచంపల్లి చీరకు ఆసు పోసేదెవరు? మేకుల చుట్టూ దారం తిప్పుతూ ఒక్క చీరకే కొన్ని వేల సార్లు చెయ్యి ఆడించాలి. ఆ పని ఇంట్లో ఆడవాళ్లది. తల్లి భుజం నొప్పి చూడలేకనే చింతకింది మల్లేశం ఆసుయంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. 2019లో ఆయన మీద సినిమా వచ్చింది. నేను దాన్ని లాక్‌డౌన్‌లో, మా అమ్మ పక్కన కూచుని చూశాను. సినిమా అయిపోయాక అమ్మ తన మెడ తడుముకుంటూ, "నయం, ఆమె కొడుకు ఇంజినీరు కాలే" అంది. నేను ఇంజినీరునే. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఇప్పుడు బీడీల దగ్గరికి వస్తాను. అమ్మ దాదాపు ముప్పై ఏళ్లుగా చేస్తోంది. రాత్రి తునికాకు నానబెట్టి తడిగుడ్డలో చుట్టడం, పొద్దున కొలత ప్రకారం కత్తిరించడం, ఒళ్లో చాట పెట్టుకుని తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, ఇరవై అయిదింటికి ఒక కట్ట. కూలి వెయ్యి బీడీల లెక్కన. మధ్యలో వంట, నీళ్లు, మా చదువులు. కట్టలు కార్ఖానాకు తీసుకుపోతే అక్కడ చూసేవాడు బాగాలేవన్నవి పక్కన పడేస్తాడు. అలా పక్కన పడేసిన సరుకుకు చాట్ అని పేరు. అమ్మకు చాట్ అంటే ఆ రోజు కూలిలో కోత. నాకు చాట్ అంటే రాత్రి పదకొండింటికి మేనేజరు పెట్టే 'ఖాళీగా ఉన్నావా?' అనే మెసేజీ. భయపెట్టడంలో రెండూ సమానమే.

ఈ పనికి చట్టం ఉందని నేను అప్పుడే తెలుసుకున్నా. 1966లో పార్లమెంటు చేసిన బీడీ, సిగార్ కార్మికుల చట్టం, సరుకు తీసుకుపోయి ఇంట్లో బీడీలు చుట్టే మనిషిని కూడా ఉద్యోగిగానే లెక్కేసింది. 1977లో బీడీ పరిశ్రమకు పీఎఫ్ వర్తింపజేశారు. యజమానులు సుప్రీంకోర్టుకు పోయారు. వీళ్లు మా కళ్ల ముందు పని చెయ్యరు, వీళ్ల మీద మాకు అజమాయిషీ ఎక్కడుంది, ఉద్యోగులెలా అవుతారు అని వాదించారు. 1985లో కోర్టు ఇచ్చిన జవాబు నాకు చాలా నచ్చింది. బీడీలు బాగాలేవని తిప్పికొట్టే హక్కు మీకుంది కదా, అదే అజమాయిషీ, అంది.

ఇది చదివి నా కోడ్ రివ్యూలు గుర్తొచ్చి గట్టిగా నవ్వా. నన్ను కూడా ఎవరూ కళ్లతో చూడటం లేదు. రాసింది పంపిస్తే, ఎక్కడో ఒకాయన చూసి తిప్పికొడుతున్నాడు. నేను ఉద్యోగినే అనడానికి ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

నవ్వు అక్కడితో ఆగింది. ఏప్రిల్‌లో కార్ఖానా మూతపడింది. ఆకు లేదు, తంబాకు లేదు. అమ్మ చాట గోడకు ఆనించి పెట్టింది. ఇంటి నుంచి పని అని దేశమంతా కొత్తగా నేర్చుకుంటున్న నెలలో, ముప్పై ఏళ్ల అనుభవమున్న మనిషి చేతిలో పని లేకుండా పోయింది. నాకు మాత్రం నెలాఖరుకు జీతం పడింది. మా కోసం నియమాలు కూడా వంగాయి. కేంద్ర టెలికాం శాఖ మార్చి 13నే, లాక్‌డౌన్ కంటే ముందే, ఐటీ, కాల్‌సెంటర్ కంపెనీలకు ఇంటి నుంచి పని నిబంధనలు సడలించింది. ఇంటి దగ్గర పనిచేసే వాళ్ల హక్కుల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో చేసిన ఒప్పందం ఒకటుంది. దాన్ని మన దేశం ఇప్పటికీ ఆమోదించలేదు.

ఖాళీ చేతులతో కూచోవడం అమ్మకు రాదు. నా లాప్‌టాప్‌లో ఒక ఆకుపచ్చ చుక్క ఉంటుంది. కాసేపు ముట్టుకోకపోతే పసుపు రంగుకు మారుతుంది, అంటే నేను సీట్లో లేనట్టు. అన్నం తినేటప్పుడు కూడా లేచి లేచి మౌస్ కదిలించి వస్తుంటే అమ్మ చూసింది. "నువ్వు తినురా, నేను కదిలిస్త" అని కుట్టుమిషన్ ముందు కూచుంది. తంబాకు రంగు ఎక్కిన వేళ్లతో మౌస్‌ను అటూ ఇటూ, అచ్చం చాటలో ఆకు సర్దినట్టు, ఆడిస్తూనే ఉంది. "పని చెయ్యకున్నా చుక్క పచ్చగుంటే పైసలిస్తరా?" అని అడిగింది. ఇస్తారన్నా. "మంచి కంపెనీ" అంది.

మే నెలలో ఆకు వచ్చింది. ఆ రోజు స్టాండప్‌లో వెనక కత్తెర చప్పుడు వినబడి, ఎవరో ఏంటని అడిగారు. మ్యూట్ చేయబోయి ఆగా. "మా అమ్మ. తను కూడా డ్యూటీలోనే ఉంది" అన్నా. ఎవరూ నవ్వలేదు, ఇంకెవరూ ఏం అడగలేదు. మీటింగు సాగిపోయింది.

అదే నెలలో ఆఫీసు నుంచి బీమా ఫారం వచ్చింది. తల్లిదండ్రుల వివరాలు నింపాలి. తల్లి వృత్తి అనే గడి దగ్గర నా వేళ్లు అలవాటుగా 'గృహిణి' అని కొట్టేశాయి. పదో తరగతి నుంచి ఇంజినీరింగ్ కౌన్సెలింగ్ దాకా ప్రతి ఫారంలో నేను రాసింది అదే. ఎవరూ రాయమనలేదు. బీడీలు అని రాయడానికి నాకే మొహమాటం. నా ఫీజులు కట్టింది ఆ కట్టలే అయినా. దాన్ని చెరిపేసి 'బీడీ కార్మికురాలు' అని రాశా. అమ్మకు చదివి వినిపించా.

అమ్మ కత్తెర ఆపకుండానే అంది: "ఎందుకు రాసినవ్‌రా గది? చూసి నీ జీతం తక్కువ చేస్తరేమో."