ఒకే సర్వరు, మూడు అప్లికేషన్లు

మన సంఘాల్లో చాలావాటికి ఉండేది ఒకే డొమైను, ఒకే సర్వరు. సభ్యత్వ నమోదు, ఫోటోలు, పత్రిక - ఈ మూడింటినీ మూడు సబ్‌డైరెక్టరీల్లో పెట్టుకోవచ్చు.

అపాచీలో మామూలు ఫైళ్ళకైతే ఆలియాస్ చాలు. అప్లికేషన్ వేరే పోర్టులో నడుస్తుంటే ప్రాక్సీపాస్ కావాలి. పక్కనే ప్రాక్సీపాస్‌రివర్స్ కూడా రాయండి, లేకపోతే రీడైరెక్టులు దారి తప్పుతాయి. ఇది పేజీలోని లింకులను మాత్రం సరిచేయదు. తానే సబ్‌డైరెక్టరీలో ఉందో అప్లికేషన్‌కు దాని సెట్టింగుల్లోనే చెప్పాలి.

2004లో వచ్చిన ఇంజిన్‌ఎక్స్‌లో తిప్పలన్నీ చివరి స్లాష్‌తోనే. ప్రాక్సీపాస్ చిరునామాలో పోర్టు తర్వాత స్లాష్ ఉంటే, లొకేషన్‌లో రాసిన సబ్‌డైరెక్టరీ పేరు తీసేసి మిగతాది అప్లికేషన్‌కు పంపుతుంది. లేకపోతే పేరుతో సహా పంపుతుంది. ఈ ఒక్క గీత కోసం నేను ఓ శనివారం రాత్రంతా జాగారం చేశాను!

అసలు జాగ్రత్త పడవలసింది భద్రత విషయంలో. సబ్‌డైరెక్టరీలు వేరైనా బ్రౌజరు దృష్టిలో అవన్నీ ఒకటే. ఫోటోల అప్లికేషన్‌లోకి ఎవరైనా దొంగ జావాస్క్రిప్ట్ చొప్పిస్తే, లాగిన్ అయి ఉన్న సభ్యుల వివరాలను పక్క అప్లికేషన్ నుంచి కూడా చదివేయగలదు. కుకీకి పాత్ పెట్టినా ఇది ఆగదు. డబ్బు చెల్లించే అప్లికేషన్‌ను మాత్రం వేరే సబ్‌డొమైన్‌లో పెట్టండి, దాని కుకీని మొత్తం డొమైనుకు వర్తించనివ్వకండి.